బరికి బౌన్సర్లు, పల్లెకు బైండోవర్లు

ప్రతి ఏడూ ముక్కనుమ దాటాక మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకేలా కనబడతాయి. చేలల్లో టెంటు గుంజలు పీకిన గుంతలు, గట్ల మీద సీసా పెంకులు, బోదెల్లో కొట్టుకుపోయే కోడి ఈకలు. కార్లేసుకుని వచ్చిన పెద్దమనుషులు కార్లేసుకుని వెళ్ళిపోతారు. పట్నం నుంచి దిగిన బౌన్సర్లు బస్సెక్కేస్తారు. అంతా సర్దుకున్నట్టే ఉంటుంది. సర్దుకోనిది ఒకటి మిగిలిపోతుంది. అది మన మాల మాదిగ పల్లెల కుర్రాళ్ళ పేర్లు రాసిపెట్టుకున్న కాగితం. మండలాఫీసు బీరువాలో ఏడాదిపాటు ఉంటుంది.

దాని పేరు బైండోవరు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు వైపు సంఘం పని చేసే కార్యకర్తలను అడగండి, డిసెంబరు నెల వచ్చిందంటే పల్లెలకు ఫోన్లు రావడం మొదలవుతుందని చెబుతారు. "ఆధారు జిరాక్సు, రెండు ఫోటోలు పట్టుకుని, ఇద్దరు జామీనుదార్లను వెంటబెట్టుకుని రా." ఇదీ ఫోను. బరి వేసేవాడికీ చేను కౌలుకిచ్చిన ఆసామికీ కూడా కొన్నిచోట్ల ఈ ఫోను వెళుతుంది, కాదనం. కానీ వాళ్ళకు అదొక సంతకం. పెట్టేసి వచ్చి కాఫీ తాగుతారు. మన పిల్లలకు మాత్రం ఏడాదిపాటు మెడలో తాడు.

ఇంగ్లీషులో సెక్యూరిటీ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి కాపలా. ఇంకోటి పూచీకత్తు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది మాతోనే మొదలు, ఇరవై ఏళ్ళుగా బడిపిల్లలకు పాఠాలు చెబుతున్నాం, అయినా ఈ రెండర్థాల సంగతి మాకు పుస్తకాల్లో తగల్లేదు. 2025 జనవరిలో ఒక మండలాఫీసు వరండాలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడితే అర్థమైంది. ఆ ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. ఏ ఆఫీసైనా అలాగే ఉంటుంది.

మా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు. ఇంటర్ దాకా వచ్చి ఆపేశాడు. కొల్లేరు వైపు చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. రాత్రంతా గట్టు మీద మకాంలో పడుకోవడం, ఏరేటర్లు ఆగిపోకుండా చూడటం, మేత బస్తాలు మొయ్యడం, అదీ పని. అంతకు రెండేళ్ళ ముందు చెరువు ఆసామి "ఏరా, ఆ రెండు పుంజుల్నీ బరికాడికి పట్రా" అంటే పట్టుకెళ్ళాడు. అదే టైముకి పోలీసులు పడ్డారు. రైడింగు అన్నప్పుడు ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఆసామి కారెక్కేశాడు. పందెం కాసినవాళ్ళు చేలకడ్డం పడి పోయారు. దొరికింది ఎవరు? చేతిలో కోడి ఉన్నవాడు. వాడు పరిగెత్తాలంటే కోడిని వదిలెయ్యాలి. వదిలేస్తే దాని ఖరీదు వాడి జీతంలోంచి కోస్తారు. అందుకని నిలబడిపోయాడు. ఎఫ్ఐఆర్‌లో వాడి పేరు ఎక్కింది. జరిమానా కట్టి వచ్చాడు. అంతటితో తీరిపోయిందనుకున్నాడు.

అది తీరలేదు. ఒకసారి పేరెక్కితే ప్రతి సంక్రాంతికీ ఆ పేరే పైకి వస్తుంది. పాత ముద్దాయిల జాబితా తీసి అందర్నీ బైండోవర్ చేశామని పైవాళ్ళకు లెక్క చూపించాలి కదా. జాబితాలో ఉన్నది ఎవరు? దొరికినవాళ్ళు. దొరికింది ఎవరు? పారిపోలేనివాళ్ళు. ఇందులో కులం ఎక్కడుంది మాస్టారూ అని అడిగారు ఒక పెద్దాయన. కారు ఎవరికుంది, కోడి ఎవరి చేతిలో ఉంది అని మేం తిరిగి అడిగాం. ఆయన మాట మార్చేశారు.

సరే, వాడితోబాటు ఆఫీసుకెళ్ళాం. యాభై వేలకు బాండు రాయాలన్నారు. భూమి పాస్‌బుక్ ఉన్నవాళ్ళు ఇద్దరు పూచీ ఉండాలన్నారు. మేం ఉంటామండీ, జీతం సర్టిఫికెట్ ఇస్తామన్నాం. "మీరు వద్దు మాస్టారూ, పాస్‌బుక్కులు తెమ్మనండి" అన్నారు. మా పల్లెలో ఎనభై గడప. పాస్‌బుక్ ఉన్న గడపలు మూడో నాలుగో. అవి కూడా ఎప్పుడో ఇచ్చిన అరెకరం పట్టాలు, అందులో రెండు బ్యాంకులో ఉన్నాయి. సెంటు భూమి లేని జనాన్ని పట్టుకుని భూమి కాగితం తెస్తేనే నువ్వు మంచివాడివని నమ్ముతాం అంటే దాని అర్థం ఏంటి? భూమి ఉన్నవాడి దగ్గరికి పో అనే కదా.

వాడు పోయాడు. మాకు చెప్పకుండానే పోయాడు, చెబితే ఒప్పుకోమని తెలుసు. ఊళ్ళో కామందు నవ్వుతూ సంతకం పెట్టాడట, తమ్ముడి చేత కూడా పెట్టించాడట. ఆ కామందు చేలోనే ఆ ఏడు బరి. పూచీ ఉన్న పుణ్యానికి మావాడు ఆ మూడు రోజులూ కూలి లేకుండా బరి దగ్గర కార్లు సర్దాడు. కోడిపందేల జోలికి పోనని ప్రభుత్వానికి రాసిచ్చినవాడు, అలా రాసిచ్చినందుకు పూచీ పడ్డ ఆసామి చేలో, కోడిపందేలకు వచ్చిన కార్లకు కాపలా కాశాడు. వాళ్ళ కోడికి కత్తి, మన పిల్లాడికి పూచీకత్తు! ఖర్మకాలి బాండు తప్పాడని ఎవరైనా రాస్తే ఆ యాభై వేలూ కట్టమంటారు, జైల్లోనూ వెయ్యొచ్చు. అంటే మావాడి జుట్టు ఏడాదిపాటు ఆ కామందు చేతిలో ఉంది. వెట్టి పోయిందని మేం బడిలో పాఠం చెబుతున్నాం.

ఇక బరి లోపలి సంగతి. మేం చిన్నప్పుడు, అంటే 1990లలో, పందేలు తాటితోపుల్లో, మామిడితోటల్లో జరిగేవి. ఆ రోజులు మంచివని చెప్పడం మా ఉద్దేశం కాదు. అప్పుడూ మన పెద్దలు దూరంగానే నిలబడేవాళ్ళు, కాస్తే పైపందెం పదో పాతికో కాసేవాళ్ళు, ఓడిపోయి సాయంత్రం ఇంటికొచ్చి ఆడవాళ్ళ మీద పడేవాళ్ళు. కానీ అప్పుడు గుంపు గుంపుగానే ఉండేది. ఇప్పుడది స్టేడియం అయింది. చుట్టూ కంచె, ఫ్లడ్‌లైట్లు, ఎల్ఈడీ తెరలు, సీసీ కెమెరాలు, సోఫాలేసిన వీఐపీ గ్యాలరీ, చేతికి కట్టే పట్టీలు. గెలిచినవాళ్ళకు బుల్లెట్ బళ్ళు, కార్లు. పక్కనే గుండాట, కోతాట, పేకాట టెంట్లు. 2025 సంక్రాంతికి తాడేపల్లిగూడెంలో ఒక్క పందెమే కోటి దాటిందని పత్రికలన్నీ రాశాయి. ఇంత డబ్బు చేతులు మారేచోట కాపలా ఉండాలి కదా. అందుకే నల్ల చొక్కాల బౌన్సర్లు. బరి చుట్టూ ఒక వరస, గ్యాలరీ ముందు ఒక వరస, డబ్బు లెక్కపెట్టే టెంటు ముందు ఒక వరస.

ఈ కాపలా దేనికి? మనిషికి కాదు, నోట్లకు. 2023 సంక్రాంతికి నల్లజర్ల మండలం అనంతపల్లిలో ఒకరు, కాకినాడ జిల్లా కిర్లంపూడి మండలంలో ఒకరు కోడికాలి కత్తి తగిలి నెత్తురు పోయి చనిపోయారు. ఏ బౌన్సరూ ఆ కత్తికి అడ్డంపడలేదు. అది వాళ్ళ డ్యూటీ కాదు మరి.

వాళ్ళ డ్యూటీ ఏంటో మేం కళ్ళారా చూశాం. ఒక కనుమ నాడు మా పల్లెలో ఒక ముసలమ్మ చనిపోయింది. మా శ్మశానానికి దారి ఊరి చేల మధ్యనుంచి. ఆ దారి పట్టినంత మేరా కార్లు. పాడె మోసుకుని వెళ్ళినవాళ్ళను బౌన్సర్లు ఆపారు. దురుసుగా ఏమీ అనలేదు, ఉన్నమాట చెప్పాలి. "కాసేపు ఆగండి, పెద్ద పందెం నడుస్తోంది, అయ్యాక కార్లు తీయిస్తాం" అన్నారు. పాడె గట్టు మీద దించి గంటన్నర కూర్చున్నాం. లోపల మైకులో ఎవరి కాకి గెలిచిందో, ఎవరి డేగ ఓడిందో చెబుతూనే ఉన్నారు. చీకటి పడ్డాక ఆమెను పూడ్చాం. ఆ బౌన్సరు కుర్రాళ్ళ మొహాలు చూస్తే వాళ్ళూ ఏ పల్లె నుంచి వచ్చారో, ఏ బాకీ తీర్చడానికి వచ్చారో అనిపించింది. ఆ నల్ల చొక్కా లోపల ఉన్నది కూడా కూలివాడే.

పోలీసులేం చేస్తున్నారని అడుగుతారు. చట్టం లేక కాదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం ఉంది. 2016 డిసెంబరు 26న హైకోర్టు కోడిపందేలు జరగనివ్వకూడదని, మండలానికో తనిఖీ బృందం వెయ్యాలని, అవసరమైతే 144 సెక్షన్ పెట్టాలని గట్టిగా చెప్పింది. ఆ తర్వాత ఎన్ని సంక్రాంతులు వచ్చాయో లెక్కపెట్టుకోండి. భోగి ముందు రోజుదాకా జీపులు తిరుగుతాయి, మైకులో హెచ్చరికలు వినిపిస్తాయి, కత్తులు పట్టుకున్నామని ఫోటోలు వస్తాయి. భోగి నాడు పొద్దెక్కేసరికి ఆ జీపులు ఎటుపోతాయో తెలియదు. ఎమ్మెల్యేలు, ఎంపీలు బరి దగ్గర కోడిని పట్టుకుని నవ్వుతున్న ఫోటోలు పేపర్లలో చూడనివాళ్ళు మన జిల్లాల్లో ఎవరున్నారు?

ఇంకో తమాషా చూడండి. జంతుహింస చట్టంలో తొలి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. చట్టం రాసిన 1960లో అది కాస్తో కూస్తో డబ్బేమో. ఇప్పుడు కోటి రూపాయల పందెం వేసినవాడికి ఆ సెక్షన్ కింద తొలిసారి పడగలిగేది మహా అయితే యాభై. ఆ కోడిని మోసిన కూలివాడు రాసిచ్చే బాండు యాభై వేలు. వెయ్యి రెట్లు! మా ఏడో తరగతి పిల్లలు కూడా చేస్తారు ఈ లెక్క.

కొల్లేటి లంకల వాళ్ళకు బందోబస్తు అంటే కొత్త కాదు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అని ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ రోజుల్లో పొక్లెయిన్ల వెనక ఎంతమంది పోలీసులు దిగారో లంకల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెరువులు పోవాల్సినవే కావచ్చు, సరస్సు బతకాలనే మేమూ అంటాం. కానీ ఆ గట్లతోబాటు కూలి పోయిన దళితులనీ, సొసైటీ చెరువు పోయిన వడ్డీలనీ ఎవరు పట్టించుకున్నారు? సర్కారు అనుకుంటే ఎంత బురదలోకైనా, ఎంత సన్నగట్టు మీదికైనా పోలీసును దింపగలదని కొల్లేరు జనం ఆనాడే చూశారు. అందుకే సంక్రాంతికి గట్ల మీద బరులు పడితే "అక్కడికి జీపు వెళ్ళదండీ, దారి లేదండీ" అన్నమాట వింటే మాకు నవ్వొస్తుంది.

144 గురించి కూడా మాట్లాడుకోవాలి. ఇప్పుడు కొత్త చట్టం వచ్చి 2024 జులై 1 నుంచి అది 163 అయింది, నంబరు మారినా కర్ర అదే. పండగకు నలుగురు గుమిగూడకూడదని ఆర్డరు వేస్తారు. వేలమంది బరి చుట్టూ గుమిగూడితే అది సంప్రదాయం. మన యువజన సంఘం పిల్లలు అదే పండగ రోజుల్లో కబడ్డీ పోటీలు పెట్టుకుంటామని దరఖాస్తు ఇచ్చారు. ఎనిమిది పల్లెల జట్లు, పల్లె పక్కన ఖాళీ జాగా, గెలిచినవాళ్ళకు ఒక షీల్డు, రెండు బంతులు. అయిదు రోజులు తిప్పి చివరికి చెప్పారు: పర్మిషన్ లేదు, 144 ఉంది, సిబ్బంది అంతా సంక్రాంతి డ్యూటీలో ఉన్నారు, మీకు బందోబస్తు ఇవ్వలేం. మాకు బందోబస్తు ఎందుకండీ, మేం కొట్టుకోం కదా అని పిల్లలు అడిగితే "మీ పల్లెల వాళ్ళంతా ఒకచోట చేరితే ఊళ్ళో అనుమానం వస్తుంది" అన్నారట. ఈ ఒక్క మాట కోసమే మేం ఈ వ్యాసం రాస్తున్నాం అనుకోండి. రెండు కిలోమీటర్ల అవతల బరి నడుస్తూ ఉంది. అక్కడ కత్తులున్నాయి, సారా ఉంది, కోట్ల డబ్బుంది. ఇక్కడ ఉన్నది లంగోటాలు కట్టుకున్న పిల్లలు. ఊరికి భయం ఎవరిని చూసి వేసింది?

ఈ భయం పాతదే. 1991లో చుండూరులో ఏం జరిగింది? సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలైంది. నెలరోజులు ఊళ్ళో 144 సెక్షన్ ఉంది, పోలీసు పికెట్టు ఉంది. ఆ 144, ఆ పికెట్టు ఉండగానే ఆగస్టు 6న మనవాళ్ళను చేలకడ్డంపడి తరిమి ఎనిమిది మందిని నరికి కాలవల్లో పడేశారు. గుమిగూడొద్దన్న ఆర్డరు ఎవర్ని విడదీసింది, ఎవర్ని కలవనిచ్చింది? 2017లో మన భీమవరం పక్కన గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం కోసం నిలబడ్డందుకు దళితులను వెలివేసినప్పుడూ అంతే. ఊరంతా కట్టగట్టుకుని కూలికి పిలవకపోతే అది నేరంలా కనబడలేదు. వాళ్ళను చూడటానికి బయలుదేరిన సంఘాల వాళ్ళే శాంతిభద్రతల సమస్య అయ్యారు.

ఇది మన ఒక్క గోదావరి జిల్లాల గొడవే అనుకోకండి. ఆట పెద్దదైన ప్రతిచోటా ఇదే కథ నడిచింది. 2010లో ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు జరిగినప్పుడు ముష్టివాళ్ళను ఏరి పంపేశారు, మురికివాడలు విదేశీయులకు కనబడకుండా రోడ్ల పక్కన వెదురు తడికలు, ఫ్లెక్సీలు కట్టారు. ఆ క్రీడల కోసం కనీసం రెండు లక్షలమందిని ఇళ్ళ నుంచి ఖాళీ చేయించారని హౌసింగ్ అండ్ లాండ్ రైట్స్ నెట్‌వర్క్ 2011లో నివేదిక ఇచ్చింది. అమెరికాలో అట్లాంటా నగరం. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఊరు. 1996 ఒలింపిక్సుకు ముందు అక్కడ ఇల్లు లేనివాళ్ళ మీద తొమ్మిది వేల అరెస్టు కాగితాలు రాశారు, వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు. లండన్‌లో 2012 ఒలింపిక్సుకు జనం కాపురముండే మేడ మీద క్షిపణులు పెట్టారు. మా ఇంటిమీద ఇదేంటని అక్కడివాళ్ళు కోర్టుకెళితే కోర్టు కొట్టేసింది. మరి టికెట్టు కొనుక్కుని ఆట చూద్దామని వచ్చే మామూలు జనానికైనా రక్షణ ఉందా? 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాదు జింఖానా గ్రౌండు దగ్గర క్రికెట్ టికెట్ల కోసం నిలబడ్డవాళ్ళు తొక్కిసలాటలో నలిగారు, పైగా లాఠీ దెబ్బలు. 2025 జూన్ 4న బెంగుళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర పదకొండు మంది చచ్చిపోయారు. గ్యాలరీలో పెద్దవాళ్ళెవరికీ గీత పడలేదు.

మన పంటికింద రాయి కూడా తీసి చూపించాలి, లేకపోతే ఈ పత్రిక చదివేవాళ్ళు మమ్మల్ని నమ్మరు. బరి దగ్గర మనవాళ్ళు లేరా? ఉన్నారు. కూలికి వెళ్ళినవాళ్ళే కాదు, కాయడానికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. డ్వాక్రా అప్పు తెచ్చిన డబ్బు గుండాటలో పోసి వచ్చినవాళ్ళు మా పల్లెలోనే ఇద్దరున్నారు. ఆ అప్పు తీర్చడానికి వాళ్ళ ఆడవాళ్ళు రొయ్యల షెడ్డులో తలకాయలు వలుస్తున్నారు, చేతివేళ్ళు పాసిపోయి. "ఏడాదికి మూడు రోజులు మాస్టారండీ, మాకు మాత్రం సరదా ఉండదా" అంటారు. ఉండాలి. సరదా మన హక్కే. కానీ తాడు అవతల నిలబడి, వాడి కోడి మీద మన కూలిడబ్బు పెట్టి, వాడు గెలిస్తే మనం గెలిచినట్టు ఎగరడం సరదా ఎలా అయింది? మన సొంత కబడ్డీకి పర్మిషన్ ఇవ్వనప్పుడు ఒక్కడూ ఆఫీసు ముందు కూర్చోలేదు, అందరూ బరి దగ్గరే ఉన్నారు. మా కోపంలో సగం దీనిమీదే.

కొందరు మిత్రులు పందేలను చట్టబద్ధం చేసేస్తే ఈ బైండోవర్ల గోల ఉండదు కదా అంటున్నారు. మేం ఒప్పుకోం. చట్టబద్ధం చేస్తే లైసెన్సు ఎవరికొస్తుంది? చేను ఉన్నవాడికి. మనకు అప్పుడూ పార్కింగే. ఊరికే నిషేధం నిషేధం అని అరిచినా లాభం లేదు, నిషేధం ఇప్పుడూ ఉంది, అది మన పిల్లల మీదే పనిచేస్తోంది. మేం అడిగేది ఒకటే. పూచీకత్తు అడగాల్సింది చేను యజమానిని. బరి పడ్డ చేను సర్వే నంబరు రికార్డులో ఉంటుంది, ఎవరూ దాన్ని కారెక్కించి పారిపోలేరు. ముందు ఆ సర్వే నంబర్ల పేర్లు రాయండి. కోడి మోసినవాడి పేరు ఆ తర్వాత చూద్దాం.

ఈలోగా మనం చెయ్యగలిగినవి ఉన్నాయి. బైండోవరు అంటే ఎస్.ఐ. గారు ఫోను చేసి రమ్మంటే వెళ్ళి వేలిముద్ర వేసి రావడం కాదు. పాత చట్టంలో 107, 110 సెక్షన్లు, కొత్తదాంట్లో 126, 129. తహశీల్దారు ముందు రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వాలి. ఏ సమాచారం మీద పిలిచారో, ఎంతకు బాండో, ఎంతకాలమో అందులో ఉండాలి. దాన్ని మనవాడికి చదివి వినిపించాలి. విచారణ జరపాలి, మన మాట వినాలి. అసలు విచారణే మొదలుపెట్టకుండా ముందే బాండు రాయించుకోకూడదని 1970లోనే మధు లిమాయే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాండు సొమ్ము మనిషి స్తోమతును బట్టి ఉండాలని, మితిమీరి ఉండకూడదని చట్టంలోనే రాసి ఉంది. కొత్త చట్టంలో అది 136వ సెక్షన్. భూమి పాస్‌బుక్ అనే మాట ఆ సెక్షన్లలో ఎక్కడా లేదు. జామీనుదారు పనికిరాడంటే ఎందుకు పనికిరాడో విచారించి, కారణం రాసి ఇవ్వాలి. మేం ఆ రోజు వరండాలో ఈ మాట అడగలేకపోయాం, మాకప్పుడు తెలియదు. తెలిసిన తర్వాత మూడు రోజులు నిద్రపట్టలేదు. ఇంటికొచ్చి పుస్తకం తెచ్చుకుని చదివాం. ఫోను వచ్చిన కుర్రాడు ఒక్కడే వెళ్ళకూడదు. సంఘం నుంచి ఇద్దరు వెళ్ళాలి, ఆర్డరు కాపీ అడగాలి, కాపీ లేకుండా సంతకం పెట్టకూడదు.

రెండోది, సమాచార హక్కు చట్టం కింద ప్రతి మండలంలో ఒక దరఖాస్తు పడాలి. గత అయిదు సంక్రాంతులకు ఈ మండలంలో ఎంతమందిని బైండోవర్ చేశారు, వాళ్ళ ఊళ్ళేవి, పేటలేవి, బాండ్లు ఎంతెంతకు రాయించారు, బరి పడ్డ చేల సర్వే నంబర్లేవి, ఆ చేల యజమానుల్లో ఎంతమందిని పిలిచారు. తెల్లకార్డు ఉన్నవాళ్ళకు ఫీజు లేదు, అందుకని దరఖాస్తు కూలి చేసుకునే మనిషి పేరుతోనే వెయ్యండి. సంతకం రానివాళ్ళయితే పక్కన కూర్చుని మీరు రాసిపెట్టండి. నెలలో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు. ఏలూరు, పశ్చిమ గోదావరి రెండు జిల్లాలూ 2022లో విడిపోయాయి కాబట్టి పాత రికార్డులు అక్కడున్నాయి ఇక్కడున్నాయి అని తిప్పుతారు, ఓపిక పట్టండి.

మూడోది కబడ్డీ. దరఖాస్తు ఈసారి డిసెంబరులో కాదు, దీపావళి వెళ్ళగానే ఇవ్వాలి, ఎనిమిది పల్లెల నుంచి విడివిడిగా ఎనిమిది ఇవ్వాలి. కాదంటే కాదని కాగితం మీద రాసిమ్మనాలి. ఆ కాగితం చేతికొస్తే కోర్టు తలుపు తట్టడానికి వీలవుతుంది. రాసివ్వకపోతే షీల్డు, బంతులు మా దగ్గరే ఉన్నాయి, ఆట ఆడేద్దాం.

జామీను సంగతి మిగిలింది. ప్రతి పల్లెలోనూ ఇప్పుడు పంతుళ్ళో, కండక్టర్లో, సచివాలయం ఉద్యోగులో, నర్సమ్మలో నలుగురైదుగురు ఉన్నారు. మనం చదువుకుని జీతాలు తెచ్చుకుంటున్నది పల్లె వదిలి గూడెంలో అద్దె ఇంటికి పోవడానికే కాదు. పిల్లల కోసం పూచీ ఉండేవాళ్ళ పేర్లు సంఘం పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. జీతం సర్టిఫికెట్లు తీసి సిద్ధంగా ఉంచుకోవాలి. ఫోను వచ్చిన రాత్రి ఏ కుర్రాడూ కామందు గుమ్మం ఎక్కకుండా మన గుమ్మం ఎక్కాలి. మా పేరు మొదట రాసుకోండి.